సార్ ఇచ్చిన మాత్ర పేరేంటి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మాయికి 15 ఏళ్ళు, పదో తరగతి. రెండేళ్ళ నుంచి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది, జిల్లా పోటీల్లో రెండు పతకాలు కూడా వచ్చాయి. వచ్చే నెల స్టేట్ మీట్. బరువు రెండు కిలోలు ఎక్కువ ఉందని వాళ్ళ సార్ పోయిన వారం రెండు చిన్న తెల్ల మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చారు, "మీట్‌కి ముందు రోజు వేసుకో, నీరు దిగిపోతుంది" అన్నారట. ఒకటి ముందే వేసి చూసుకుంది. రాత్రంతా బాత్రూముకి తిరుగుతూనే ఉంది, పొద్దున్నే పిక్కలు పట్టేసి ఏడ్చింది. అంతకుముందు నుంచే ఒక పౌడర్ పాలలో కలుపుకుని తాగుతోంది, ఆ డబ్బా మీద కాగితం లేదు. ఇదేంటని అడిగితే మా ఆయన "సార్‌కి తెలియదా, అందరూ వాడేవే" అంటారు. సార్ మాకు దేవుడి లాంటి మనిషి, ఫీజు కూడా తీసుకోరు. అడిగితే పిల్లని పక్కన పెట్టేస్తారేమోనని భయం. డోపింగ్ అని టీవీలో వింటాం, అది పెద్ద ఆటగాళ్ళకే కదా, స్కూలు పిల్లలకి కూడా టెస్టులు చేస్తారా? పిల్లకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?
(ఒక తల్లి, విజయనగరం జిల్లా)

సమాధానం:

అమ్మా, ముందు ఆ రెండో మాత్ర సంగతి. అది వేసుకోవద్దని ఈ రోజే చెప్పండి, మిగతావన్నీ తర్వాత. పారేయకండి, కాగితంతో సహా దాచి ఉంచండి. పిల్లని ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, ఒంట్లో పొటాషియం, సోడియం ఎంత ఉన్నాయో రక్తపరీక్ష చేయించమని అడగండి. పిక్కలు పట్టేశాయంటే తేలిగ్గా తీసుకునేది కాదు. కళ్ళు తిరగడం, గుండె దడదడలాడటం ఉంటే మాత్రం పొద్దున చూద్దాంలే అని ఆగకండి, రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్ళండి.

నీరు దింపే మాత్రలు మన ఇళ్ళలో కొత్తేం కాదు. బీపీ ఉన్నవాళ్ళకీ, కాళ్ళు నీరు పట్టే పెద్దవాళ్ళకీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ డాక్టర్లు రాస్తూనే ఉంటారు. లాసిక్స్ పేరుతో దొరికే ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, ఇలాంటివి. అవి ఒంట్లో నీళ్ళని మూత్రంలోకి తోసేటప్పుడు నీళ్ళని ఒక్కటే తొయ్యవు, పొటాషియం, సోడియం కూడా పట్టుకుపోతాయి. కండరం బిగిసి మళ్ళీ వదలాలన్నా, గుండె తాళం తప్పకుండా కొట్టుకోవాలన్నా ఆ లవణాలే ఆధారం. మంచం మీద ఉన్న పెద్దాయనకి డాక్టర్ లెక్క చూసి ఇచ్చే మందు అది. దాన్ని, తన బరువుకి మించిన బార్‌ని తల మీదికి ఎత్తబోయే 15 ఏళ్ళ పిల్లకి ముందు రోజు రాత్రి ఇచ్చి, నీరు తాగకుండా పడుకోబెట్టి, పొద్దున్నే స్టేజి ఎక్కించడం ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆలోచించండి. పతకం మాట పక్కన పెట్టండి, ఆ పిల్ల బార్ కింద సొమ్మసిల్లితే?

ఇంక నిషేధం సంగతి. ఈ మాత్రలు డోపింగ్ జాబితాలో, అంటే ఆటగాళ్ళు వాడకూడని మందుల జాబితాలో ఉన్నాయి, అదీ ఒక్క పోటీ రోజు కాదు, ఏడాది పొడుగునా నిషేధమే. ఎందుకంటే మూత్రాన్ని పలచబరిచి వేరే మందుల ఆనవాళ్ళు దొరక్కుండా చేయడానికి కూడా వీటిని వాడతారు. అందుకని "నేను కండలు పెంచే స్టెరాయిడ్లేం వాడలేదండీ, బరువు తగ్గడానికే వేసుకున్నా" అంటే ఎవరూ వినరు. ఒంట్లో దొరికితే చాలు, బాధ్యత ఆ ఒంటిదే. ఎవరిచ్చారు, తెలిసి వేసుకున్నావా తెలియకా అనేది శిక్ష ఎంత అన్న దగ్గర చూస్తారు, తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర చూడరు.

మీ జిల్లా కథే ఒకటి చెప్తాను. కొండవెలగాడ మీకు తెలియని ఊరు కాదు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచి కాంస్యం తీసుకుంది. ఆ రోజు బంగారం గెలిచింది నైజీరియా పిల్ల చికా అమలాహా, వయసు 16. అంత చిన్న పిల్ల అన్ని కిలోలు ఎత్తిందని అందరూ ముక్కున వేలేసుకున్నారు. కొద్ది రోజులకే ఆమె నమూనాలో రెండు మందులు దొరికాయి, అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్. రెండూ నీరు దింపేవే. పతకం వెనక్కి తీసేసుకున్నారు. సంతోషికి రజతం వచ్చింది, నాలుగో స్థానంలో ఉన్న మన స్వాతి సింగ్‌కి కాంస్యం వచ్చింది. మనకి మేలే జరిగింది అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా ఆ నైజీరియా పిల్లే కళ్ళ ముందు నిలుస్తుంది. 16 ఏళ్ళ పిల్ల తనంతట తాను మెడికల్ షాపుకి వెళ్ళి ఆ రెండు మందుల పేర్లు చెప్పి కొనుక్కుందని నేను అనుకోను. ఎవరో పెద్దవాళ్ళు చేతిలో పెట్టి ఉంటారనే నా అనుమానం. పేరు మాత్రం ఆ పిల్లదే పేపర్లకెక్కింది, ప్రపంచమంతా.

స్కూలు పిల్లలకి టెస్టులు చేస్తారా అని అడిగారు. చేస్తారు. వయసు తక్కువని వదిలేసే రూల్ ఎక్కడా లేదు. మన దేశంలో ఈ పని చూసేది నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ. వాళ్ళు ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌కీ వెళ్తారు, జూనియర్ నేషనల్స్‌కీ వెళ్తారు, శిక్షణ శిబిరాలకీ వెళ్తారు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2024 జనవరిలో మైనర్ల మీద ఒక నివేదిక బయటపెట్టింది. దాంట్లో 12 ఏళ్ళ పిల్లలు కూడా దొరికినట్టు ఉంది. మైనర్లు ఎక్కువగా దొరికిన దేశాల్లో రష్యా మొదటిది, రెండోది మనది. పిల్లల ఒంట్లో ఎక్కువసార్లు కనబడిన మందుల్లో ఫ్యూరోసెమైడ్ ఒకటి. పెద్దవాళ్ళ సంగతీ అంతే. 2024 లెక్కల్లో మన దేశంలో 7,113 నమూనాలు పరీక్షిస్తే 260 పాజిటివ్ వచ్చాయి. పెద్ద సంఖ్యలో టెస్టులు చేసే దేశాల్లో ఇంత శాతం ఇంకెక్కడా లేదు. మీ ఆయన "అందరూ వాడేవే" అన్నారు చూడండి, ఆ మాట దేశమంతా ఇళ్ళలో, గ్రౌండ్లలో తిరుగుతోంది కాబట్టే ఈ లెక్కలు ఇలా ఉన్నాయి. నిజానికి అందరూ వాడరమ్మా. వాడని పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళు ఆ విషయం ఎవరికీ చెప్పుకోరు కాబట్టి మనకి తెలియదు.

ఇప్పుడు అసలు విషయం, సార్ గురించి. ఇది రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది, ఎందుకంటే నేనూ 22 ఏళ్ళు సర్కారు హైస్కూల్లో పీఈటీగా చేశాను, పల్లెల్లో ఒక పిల్ల గ్రౌండ్‌కి రావాలంటే ఆ సార్ ఎన్ని గడపలు ఎక్కి దిగాలో నాకు తెలుసు. ఫీజు తీసుకోకుండా నేర్పే మనిషంటే నాకూ గౌరవమే. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. చాలామంది కోచ్‌లకి వాళ్ళ కోచ్‌లు చేసిందే తెలుసు, బరువు తగ్గాలంటే ఆవిరి పట్టు, నీళ్ళు మానెయ్, మాత్ర వేసుకో, ఇదే వాళ్ళు నేర్చుకున్న పద్ధతి. కానీ మంచివాడు ఇచ్చినంత మాత్రాన మందు మంచిది అయిపోదు కదా.

2011లో జరిగింది గుర్తుందో లేదో. అంతకుముందు ఏడాది ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 4×400 రిలేలో బంగారం గెలిచి దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న అమ్మాయిల్లో ముగ్గురు స్టెరాయిడ్ పరీక్షలో దొరికిపోయారు. అశ్విని అక్కుంజి లాంటి పెద్ద పేర్లే. మాకేం తెలియదు, కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ అనే వేరు మందు వేసుకున్నాం అన్నారు. ఆ విదేశీ కోచ్‌ని తీసేశారు, నిజమే. అయినా నిషేధం పడింది అమ్మాయిల మీదే, ముందు ఏడాది అన్నారు, తర్వాత అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్ళు చేసింది, లండన్ ఒలింపిక్స్ వాళ్ళకి దక్కకుండా పోయాయి. ఇంకా వెనక్కి వెళ్తే తూర్పు జర్మనీ ఉంది. 1974 నుంచి అక్కడ ప్రభుత్వమే రహస్యంగా ఆటగాళ్ళకి స్టెరాయిడ్లు పెట్టింది, మీ అమ్మాయి వయసు ఈతగత్తెలకి కూడా నీలం రంగు మాత్రలు ఇచ్చి "విటమిన్లు" అని చెప్పారు. వేసుకున్న ఆడపిల్లలకి గొంతులు బొంగురుపోయాయి, ఒంటి మీద వెంట్రుకలు మొలిచాయి, కొందరికి తర్వాత పిల్లల్ని కనడంలోనూ కష్టాలు వచ్చాయి. ఆ దేశ క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి 2000లో బెర్లిన్ కోర్టు శిక్ష వేసింది కానీ, మారిపోయిన గొంతు కోర్టు తీర్పుతో తిరిగి రాదు కదమ్మా.

మనం పిల్లలకి చిన్నప్పటి నుంచి చెప్పేది ఒకటే, సార్ మాటకి ఎదురు చెప్పకు, పెద్దవాళ్ళు ఇచ్చింది నోరు మూసుకుని తీసుకో. ఆటలో అది ఇంకా ఎక్కువ, గురువు కాళ్ళకి దణ్ణం పెట్టి గాని గ్రౌండ్‌లో అడుగు పెట్టం. ఆ గౌరవం ఉండాలి, నేను కాదనను. కానీ సరిగ్గా ఆ గుమ్మంలోంచే ఈ మాత్రలు లోపలికి వస్తున్నాయి. అందుకే డోపింగ్ గురించి పిల్లలకి చెప్పడమంటే నిషేధ మందుల జాబితా బట్టీ పట్టించడం కాదని నా గట్టి నమ్మకం. ఆ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది, నాకే గుర్తుండదు. నేర్పాల్సింది అడగడం. "సార్, దీని పేరేంటి?" అని భయం లేకుండా, పొగరు లేకుండా అడగడం, జవాబు వచ్చేదాకా నోట్లో వేసుకోకపోవడం. ఈ ఒక్క అలవాటు పిల్లకి ఉంటే మిగతాదంతా మనం చూసుకోవచ్చు.

దానికి ముందు పిల్లకి ఇంటి నుంచి ఒక భరోసా కావాలి. నాలుగో స్థానం వచ్చినా, అసలు సెలక్ట్ కాకపోయినా ఇంట్లో అన్నం అదే, ప్రేమ అదే అని. ఇది మాటతో చెప్తే చాలదు. పిల్ల ఓడిపోయి వచ్చిన రోజు మీ ఆయన మొహం ఎలా ఉంటుందో పిల్ల చూస్తుంది, దాన్నే గుర్తు పెట్టుకుంటుంది. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉద్యోగం, ఇలాంటి ఆశలన్నీ పిల్ల భుజాల మీద పెట్టేసి మాత్ర వేసుకోకు అంటే దానికి ఏం దారి ఉంటుంది? మీ ఆయనతో ఈ మాట మీరు ఒంటరిగా మాట్లాడండి, పిల్ల ఎదురుగా వద్దు. రాత్రంతా పిల్ల ఎలా అవస్థ పడిందో, పొద్దున ఎలా ఏడ్చిందో చెప్పండి. తండ్రి మనసు దానికి కరుగుతుంది, చట్టాలకి కాదు.

సార్‌తో మాట్లాడటం మీ భయం. వెళ్ళండి, ఇద్దరూ కలిసి వెళ్ళండి, అందరి ముందు కాకుండా ప్రాక్టీసు అయిపోయాక. నిందించొద్దు. ఇలా అనండి: "సార్, మాత్ర వేసుకున్నాక పిల్లకి పిక్కలు పట్టేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అది ఏం మాత్రో ఆ స్ట్రిప్ చూపించండి, డాక్టర్ గారు అడిగారు. ఇకమీదట ఏది వేసుకోవాలన్నా మాకు చెప్పి, స్ట్రిప్ చూపించి ఇవ్వండి. బరువు తగ్గకపోతే పై బరువు విభాగంలో ఎత్తించండి, పతకం రాకపోయినా మాకు పర్వాలేదు." ఇంతే. మంచి కోచ్ అయితే ఆ క్షణానికి కొంచెం నొచ్చుకుంటాడు, రెండు రోజులకి అర్థం చేసుకుంటాడు. ఈ మాటకే పిల్లని పక్కన పెట్టేసే మనిషైతే, ఆయన దగ్గర పిల్లని ఉంచడమే ప్రమాదం. ఆయనకి కూడా ఒక విషయం తెలిసి ఉండాలి, మెల్లగా చెప్పండి: 16 నిండని పిల్లల్ని డోపింగ్ నియమాలు ప్రత్యేకంగా కాపాడతాయి. అలాంటి పిల్ల టెస్టులో దొరికితే వెనక ఉన్న కోచ్ మీద కూడా విచారణ తప్పదు, స్టెరాయిడ్ లాంటివి ఇచ్చాడని తేలితే ఆ కోచ్‌కి జీవితకాల నిషేధమే. పిల్లకి పెద్ద తప్పు లేదని రుజువైతే మందలింపు దగ్గర్నుంచి రెండేళ్ళ నిషేధం దాకా ఉండొచ్చు. కానీ 15 ఏళ్ళ పిల్లకి రెండేళ్ళంటే ఎంతో మీకు తెలుసు, ఆ రెండేళ్ళలో ఆట మొత్తం పోతుంది.

పై విభాగం అన్నాను కదా, దాని మీద ఇంకొక్క మాట. ఎదిగే పిల్లకి పెరిగిన రెండు కిలోలు కొవ్వు అని ఎందుకు అనుకోవాలి? ఎముక పెరుగుతోంది, కండ పెరుగుతోంది. ఆ వయసులో బరువు పెరగకపోతేనే నేను టెన్షన్ పడతాను. ఇప్పుడు పై విభాగంలో ఐదో స్థానం వచ్చిన పిల్ల రెండేళ్ళకి అక్కడే గట్టిగా నిలబడటం నా కళ్ళతో చూశాను. నీళ్ళు మాని, తిండి మాని కింది విభాగంలో పతకం కొట్టిన పిల్లలు ఇంటర్ దాటేసరికి ఆటకి దూరమవడమూ చూశాను.

ఇంక పిల్లకి చెప్పాల్సిన వాటిలో చాలామందికి తట్టనిది ఒకటుంది. డోపింగ్ అంటే ఎవరో సిరంజితో చీకట్లో పొడిచే మందే అనుకుంటారు. సగం కేసులు ఇంట్లో మందుల డబ్బా నుంచే వస్తాయేమో అనిపిస్తుంది నాకు. క్రికెటర్ పృథ్వీ షా గుర్తున్నాడా? 2019లో, 19 ఏళ్ళ వయసులో, దగ్గు వస్తోందని సిరప్ తాగాడు, దాంట్లో నిషేధ మందు టెర్బుటలిన్ ఉంది, ఎనిమిది నెలల నిషేధం. మన మెడికల్ షాపుల్లో అమ్మే దగ్గు సిరప్‌లు చాలావాటిలో ఆ టెర్బుటలిన్ ఉంటుంది, సీసా తిప్పి చూడండి. షేన్ వార్న్ అయితే 2003 ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా మొదటి మ్యాచ్ ఆడే ముందే ఇంటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది, సన్నగా కనబడతావని వాళ్ళ అమ్మ ఇచ్చిన మాత్ర వేసుకున్నానన్నాడు. దాంట్లో ఉన్నవి అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, ఆ నైజీరియా పిల్ల ఒంట్లో దొరికినవే. ఏడాది నిషేధం. ప్రపంచంలో అంత పెద్ద బౌలర్‌ని, అమ్మ ఇచ్చిందన్న మాట కాపాడలేదు. రష్యా స్కేటింగ్ అమ్మాయి కమీలా వలీవా 15 ఏళ్ళకే గుండె మందు ట్రైమెటాజిడిన్‌తో దొరికింది, తాతగారి మందు పొరపాటున కలిసిందని వాదించారు, ఒప్పుకోలేదు, నాలుగేళ్ళు వేశారు.

మన పల్లెల్లో ఇంకో సంగతి, ఆర్‌ఎంపీ ఇంజక్షన్. జ్వరం అన్నా, ఆయాసం అన్నా, ఒళ్ళు నొప్పులన్నా డెక్సామెథాసోన్ పొడిచేస్తారు, సాయంత్రానికి లేచి తిరుగుతారు, హస్తవాసి మంచిదంటారు. అది కూడా స్టెరాయిడే, కండలు పెంచే రకం కాదు, వేరే జాతి, కానీ పోటీల సమయంలో ఇంజక్షన్‌గా గానీ మాత్రగా గానీ నిషేధమే. బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలూ అంతే. అందుకని ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఎవరి మందు వాళ్ళదే, పిల్లకి జ్వరం వస్తే డాక్టర్‌తో మొట్టమొదటి మాటే "మా అమ్మాయి ఆటలు ఆడుతుందండీ, డోప్ టెస్టులు ఉంటాయి" అని చెప్పడం, చీటీ ఫోన్‌లో ఫొటో తీసుకుని ఉంచుకోవడం. నాడా వాళ్ళది నో యువర్ మెడిసిన్ అని ఒక యాప్ ఉంది, మందు పేరు కొట్టి చూస్తే నిషేధమా కాదా చెప్తుంది. ఆ పని మీ అమ్మాయి చేతే చేయించండి, పదో తరగతి పిల్లకి మనకంటే ఫోన్ బాగా వస్తుంది. నిజంగా జబ్బు ఉండి నిషేధ మందు తప్పనిసరైతే ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి కూడా ఉంది, టీయూఈ అంటారు. షుగర్ ఉన్న పిల్లలు ఇన్సులిన్ తీసుకుంటూ ఆడుతున్నది అలాగే. కాబట్టి డోపింగ్ భయంతో జబ్బుకి మందు మానేయడం ఎప్పుడూ చేయకండి.

ఆ పేరు లేని పౌడర్, ఈ రోజు నుంచి బంద్. కాగితం లేని డబ్బాలో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. కాగితం ఉన్నవాటి సంగతే అంతంత మాత్రం, కేరళ డాక్టర్లు కొందరు మన మార్కెట్లో దొరికే 36 రకాల ప్రోటీన్ పౌడర్లు పరీక్ష చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క నిజం కాదు, కొన్నింటిలో బూజు విషం కూడా దొరికింది. జిమ్ముల్లో అమ్మే కొన్ని పౌడర్లలో చెప్పకుండా స్టెరాయిడ్ కలపడమూ ఉంది, త్వరగా కండ వస్తే మళ్ళీ అదే కొంటారని. ఎదిగే వయసులో స్టెరాయిడ్ పడితే ఎముకల చివర ఉండే ఎదుగుదల పలకలు ముందే మూసుకుపోతాయి, ఎత్తు అక్కడితో ఆగిపోతుంది, ఆడపిల్లకి నెలసరి గతి తప్పుతుంది, గొంతు మారుతుంది, మారితే మళ్ళీ రాదు. పిల్లకి ఇవి దాచకుండా చెప్పండి, భయపెట్టడానికి కాదు, తన ఒంటి గురించి తనకి తెలియాలి కాబట్టి.

ప్రోటీన్ ఎక్కడి నుంచి అంటారా, రోజుకి రెండు మూడు గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, ఉలవచారు, వేరుశెనగ గుళ్ళు, వారంలో రెండుసార్లు చేపో కోడో. పొద్దున్నే చోడి అంబలి. ఆ పౌడర్ డబ్బాకి పెట్టే డబ్బుతో నెలంతా గుడ్లు వస్తాయి.

టెస్టు ఎలా జరుగుతుందో కూడా పిల్లకి ముందే చెప్పి ఉంచండి, తెలియకపోతేనే భయం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకి నాడా వాళ్ళు వచ్చారని తెలిసి 100 మీటర్ల ఫైనల్‌లో ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఒక్కడే పరిగెత్తాడు. పారిపోయినవాళ్ళలో తప్పు చేసినవాళ్ళు ఉండొచ్చు, ఏం చేస్తారో తెలియక బెదిరినవాళ్ళూ ఉండి ఉంటారని నాకు అనిపిస్తుంది. పిలిచాక టెస్టుకి వెళ్ళకుండా తప్పించుకుంటే అది కూడా డోపింగ్ కిందికే వస్తుంది, శిక్ష నాలుగేళ్ళ దాకా ఉంటుంది. కాబట్టి పిలిస్తే వెళ్ళాలి. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు అడగొచ్చు. మైనర్ కాబట్టి తోడుగా ఒక పెద్ద మనిషిని తీసుకెళ్ళే హక్కు ఉంది, మీరే వెళ్ళొచ్చు. మూత్రం ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉండేది ఆడమనిషే. సీల్ వేసిన కిట్లలో నుంచి పిల్లే ఒకటి ఎంచుకుంటుంది, కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి, దాన్ని ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి పిల్లే మూత బిగిస్తుంది. ఏడు రోజులుగా ఏ మందులు వేసుకుందో ఫారంలో రాయాలి, పారాసిటమాల్ అయినా సరే రాయాలి. చివర్లో సంతకం, ఒక కాపీ పిల్లకి. ఇంతే.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. నా దగ్గర 800 మీటర్లు పరిగెత్తే ఒక కుర్రాడు ఉండేవాడు. ఇంటర్‌లోకి వెళ్ళాక బయట ఎవరి దగ్గరో ట్రైనింగ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు, టైమింగ్ ఒక్కసారిగా మెరుగుపడింది. ఒక మీట్‌లో వాడి సంచి తెరిచి నీళ్ళ సీసా తీయబోతే అడుగున చిన్న ఇంజక్షన్ సీసా, సిరంజి కనబడ్డాయి. చూశాను. అడగలేదు. వాడు గెలుస్తున్నాడన్న సంతోషం నాకు ఎక్కువైంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందో అన్న భయమూ ఉంది. తర్వాత పోలీస్ సెలక్షన్స్‌లో 1600 మీటర్ల పరుగులో వాడు మూడో రౌండ్‌లో పడిపోయాడు, మూడు రోజులు ఆస్పత్రిలో, గుండె ఆగకుండా దడ. ఆ సీసాలో ఉన్నది ఆపరేషన్లప్పుడు బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటెర్మిన్ అనే మందు, జిమ్ముల్లో, గ్రౌండ్లలో దొంగగా అమ్ముతున్నారు, అలుపు తెలియదని పొడుచుకుంటారు. వాడు బతికాడు. పరుగు మాత్రం మళ్ళీ మొదలుపెట్టలేదు. వాళ్ళ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఆమెకి తెలియదు నేను ఆ సీసా చూశానని. ఆ రోజు "ఇదేంట్రా?" అని నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

మీరు అడిగారు. పిల్ల చేతిలో కాగితం చూసి ఇదేంటని ఇంట్లో అడిగారు, ఎవరూ జవాబు చెప్పకపోతే నాకు రాశారు. కాబట్టి భయపడకండి, సగం పని మీరు చేసేశారు.

ఈ ఆదివారం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో మందుల డబ్బా మొత్తం నేల మీద బోర్లించండి. ఒక్కొక్క స్ట్రిప్ పేరు పిల్ల చదవాలి, యాప్‌లో చూడాలి, నిషేధం ఉన్నవాటిని వేరే పెట్టెలో పెట్టి దాని మీద నాన్నమ్మ పేరో మీ ఆయన పేరో రాయించండి. ఆ పని చేస్తూనే ఆ కుర్రాడి కథ, ఆ నైజీరియా పిల్ల కథ చెప్పండి. తర్వాత మీరే సార్ లాగా ఒక మాత్ర చేతికి ఇచ్చి "వేసుకో" అనండి, పిల్ల చేత "సార్, దీని పేరేంటి?" అనిపించండి. మొదటిసారి సిగ్గుపడి నవ్వుతుంది, నాలుగైదు సార్లు చేయించండి, నోటికి అలవాటవ్వాలి. అదే మాట సోమవారం సార్ దగ్గర అనడం అప్పుడు అంత కష్టం అనిపించదు.

రక్తపరీక్షలో పొటాషియం ఎంత వచ్చిందో, సార్ ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి. మీట్ రోజు పొద్దున పిల్లకి కడుపునిండా తిండి పెట్టి పంపండి, పై విభాగమే అయినా సరే.